కేక్ కోసిన తర్వాత మొదటి గోలీ

ఈ సంగతులు పనిలో ఉన్నప్పుడే రాసి ఉండాల్సింది. అప్పుడు నాకు రాయడం రాదు. అంకెలు మాత్రం వచ్చు. బస్సు నంబర్లు, గడియారం చిన్నప్పటి నుంచీ చదివేదాన్ని, పనిలో చేరాక గాలి ఒత్తిడి చూపే గేజీ మీద ముల్లు కూడా. అక్షరాల దగ్గరికి నన్నెవరూ తీసుకుపోలేదు, పెద్దయ్యాక నేనూ పోలేదు. పని మానేశాక నాచారంలో మా గల్లీ చివర ఉండే ఒక టీచరమ్మ, ఆమె కూడా రిటైరయి పొద్దుపోక ఉన్న మనిషి, నన్ను పిలిచి పలక ముందు కూర్చోబెట్టింది. నాకూ పొద్దుపోయేది కాదు. అలా ఇద్దరికీ పొద్దు గడిచింది, నాకు అక్షరాలు వచ్చాయి. ఆ తర్వాత ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఇప్పుడు సాయంత్రాలు ఒక్కదాన్నే కూర్చుని రాస్తున్నాను.

ఉప్పల్ చుట్టుపక్కల పెయింట్‌బాల్ ఆడించే స్థలాలు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటిలో గన్నులు చూసుకునే పనికి ఆడపిల్లలు కూడా చేరుతున్నారని విన్నాను. ఇది వాళ్ల కోసం. జీతం ఎప్పుడు పెరిగింది, సెలవులు ఎన్ని అన్నవి ఇందులో ఉండవు. నాకు ఇంట్లో ఎవరూ లేరు. ఎందుకు లేరన్నదీ ఇందులో ఉండదు, దాంతో మీకు పనిలేదు.

పని ఏమిటంటే

రెండు జట్లు మాస్కులు కట్టుకుని, గాలితో పేలే గన్నులతో రంగు నింపిన గోలీలు కొట్టుకుంటాయి. గోలీ తగిలి పగిలి రంగు అంటితే ఆ మనిషి ఔట్. ఆట ఇంతే.

గన్నుకు గాలి సిలిండర్ తగిలించి ఉంటుంది. అందులో గాలి విపరీతమైన ఒత్తిడితో కుక్కి ఉంటుంది. దాన్ని అలాగే వదిలితే గన్ను బతకదు. మధ్యలో రెగ్యులేటర్ ఉంటుంది. సిలిండర్ నిండుగా ఉన్నా సగమే ఉన్నా, అది గన్నుకు ఎప్పుడూ ఒకే ఒత్తిడితో గాలి ఇవ్వాలి. ఇక గన్ను వెనుక ఒక చిన్న స్క్రూ. బిగిస్తే గోలీ వేగంగా పోతుంది, వదులు చేస్తే నెమ్మదిస్తుంది. గొట్టం ముందు వేగం కొలిచే మిషన్ పెట్టి, వలలోకి కొట్టి, అంకె చూసి, స్క్రూ తిప్పాలి. సెకనుకు మూడు వందల అడుగులు దాటితే ఆ గన్నును ఎవరి చేతికీ ఇవ్వకూడదు. మేము అద్దె గన్నులన్నిటినీ రెండు వందల యాభై దగ్గరే ఆపేవాళ్లం.

స్క్రూను ఒకేసారి ఎక్కువ తిప్పకండి. పావు చుట్టు తిప్పి ఆగండి. తిప్పిన వెంటనే వచ్చిన అంకెను నమ్మకండి, రెండు మూడు కొట్టాక వచ్చేదే అసలు వేగం. వానాకాలంలో గోలీలు చెమ్మకు ఉబ్బి గొట్టంలో పట్టేస్తాయి, అంకె అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు గన్నును తిట్టే ముందు గోలీని వేళ్ల మధ్య పట్టి చూడండి. మాస్కు లేకుండా ఎవరైనా గన్ను ముందుకు వస్తే, వచ్చింది యజమాని అయినా, గన్ను కింద పెట్టేయండి. మొహమాటపడకండి.

ఇవన్నీ ఒక్క వారంలో వస్తాయి. రాని సంగతులు కింద రాస్తున్నాను.

చాయ్ తాగొచ్చి చూడు

రెగ్యులేటర్ అంటే ఏమిటో నాకు తెలిసింది పెయింట్‌బాల్ దగ్గర కాదు. అంతకు చాలా ముందు, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో. వెల్డింగ్ సిలిండర్లకు పెట్టే రెగ్యులేటర్లు బిగించే చిన్న వర్క్‌షాపు అది, ఇప్పుడు లేదు. నేను రబ్బరు రింగులు కూర్చే పనికి చేరాను. అక్కడి పెద్ద మేస్త్రీ గౌస్ ఉస్తాద్. మౌలాలి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. కోపం ఎక్కువ, చేయి నెమ్మది.

ఒకరోజు ఒక రెగ్యులేటర్ బిగించి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని గాలి లైనుకు తగిలించి, గాలి బయటికి పోయే దారి మూసి, నన్ను అడిగాడు.

"సాయమ్మా, ఇది అసలు సరుకా, నకిలీ సరుకా?"

"ముల్లు సరిగ్గనే నిలవడ్డది గద ఉస్తాద్."

"నువ్వు సూస్తున్నవ్, అందుకే నిలవడ్డది. నువ్వు పోయినంక ఏం జేస్తదో సూడాలె. పా, చాయ్ తాగొచ్చి సూద్దాం."

వాడుక అదే. రెగ్యులేటర్లను వరుసగా లైనుకు తగిలించి, దారులు మూసి, అందరం బయటి బండి దగ్గరికి చాయ్‌కి పోయేవాళ్లం. తిరిగి వచ్చాక ముల్లు ఉన్నచోటే ఉంటే సరుకు పాసు. పైకి జరిగి ఉంటే, లోపల గాలిని ఆపే బిళ్ల సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట. కంటికి కనిపించనంత సన్నగా గాలి లోపలికి జారుతూనే ఉంటుంది. పని నడుస్తున్నంతసేపు ఆ లోపం తెలియదు, ఎందుకంటే వచ్చిన గాలి వచ్చినట్టు ఖర్చయిపోతుంది. ఊరికే ఉంచితేనే బయటపడుతుంది.

తర్వాత ఒక కొత్త మేనేజరు వచ్చాడు. పనివాళ్లంతా ఒక్కసారే చాయ్‌కి పోవడం ఆయనకు నచ్చలేదు. బల్లల దగ్గరికే చాయ్ తెప్పిస్తానన్నాడు, మేము సంతోషించాం. చాయ్ తాగుతూనే రెగ్యులేటర్లు విప్పి డబ్బాల్లో పెట్టడం మొదలైంది. కొన్నాళ్లకు సరుకు వాపసు రాసాగింది. మేనేజరు రబ్బరు అమ్మినవాణ్ని తిట్టాడు.

"మేనేజరుకు అసలు సంగతి జెప్పు ఉస్తాద్" అని నేను గౌస్‌ను అడిగాను.

"నేను జెప్తే ఏమంటడు? ముసలోడు చాయ్ కోసం లడాయి జేస్తున్నడంటడు. నాకు ఇజ్జత్ లేదా?"

నా లెక్కలో ఇద్దరిదీ తప్పే. ఒక అలవాటును తీసేసే ముందు అది ఎందుకుందో మేనేజరు అడగలేదు. అడగకపోయినా చెప్పాల్సిన పని ఉస్తాద్‌ది, ఆయన పంతానికి పోయాడు. మీకు పై అధికారి అలాంటివాడు దొరికితే, నలుగురూ నవ్వినా సరే చెప్పేయండి.

ఆ బండి దగ్గర నిలబడి మాట్లాడినన్ని మాటలు నేను మళ్లీ ఎక్కడా మాట్లాడలేదు. వర్క్‌షాపు మూతపడ్డాక అందరూ తలోదారి పోయారు. ఉస్తాద్ పోయిన సంగతి కూడా నాకు చాలా రోజులకు, మార్కెట్లో ఎవరో చెబితే తెలిసింది.

షెడ్డు

ఉప్పల్ దాటాక పెయింట్‌బాల్ స్థలం పెట్టిన ప్రసాద్ సార్ కోస్తా నుంచి వచ్చినవారు. గన్నులు తెచ్చారు గానీ వాటిని చూసే మనిషి నిలబడటం లేదు. రెగ్యులేటర్ తెలిసినవాళ్ల కోసం వెతుకుతూ నాచారం వచ్చి, నా పేరు విని మా గది ముందుకొచ్చారు.

"గన్నులంటే భయం లేదు కదా సాయమ్మా?"

"గాలే గద సార్. దాంతోనే బతికిన."

చేరాను. నాకు ఇచ్చింది ఆట స్థలం వెనుక ఒక రేకుల షెడ్డు. లోపల గాలి నింపే కంప్రెసర్, ఒక పొడవాటి బల్ల, గోడకు వల. కంప్రెసర్ నడిస్తే పక్క మనిషి మాట వినిపించదు, అయినా పక్కన మనిషి ఉండేది ఎప్పుడు? ఆఫీసు పిల్లలు ఒకేరంగు చొక్కాలతో గుంపుగా వచ్చి, కిటికీలోంచి గన్నులు తీసుకుని, ఆడి, రంగులు కారుతూ తిరిగి ఇచ్చి పోయేవాళ్లు. నా ముఖానికి ఎప్పుడూ మాస్కే. వాళ్లకు నేను కిటికీలో రెండు చేతులు.

ఇది మీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఈ పనిలో ఆదివారం ఉండదు, పండగ ఉండదు. లోకమంతా స్నేహితులతో కలిసి వచ్చే రోజులే మనకు పనిరోజులు. వల అవతల నవ్వులు వినిపిస్తూ ఉంటాయి. సాయంత్రం షేర్ ఆటోలో ఇంటికి పోయి తాళం తీస్తే, పొద్దున పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. దానికి సిద్ధపడే మనిషి అయితేనే చేరండి.

భూతం

ఆ స్థలంలో నాతో మాట్లాడిన మనిషి ఒక్కడు, అంజయ్య. జనగాం పక్క పల్లె. భార్యాపిల్లలు ఊళ్లో, ఈయన రామంతాపూర్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో. వయసులో నాకంటే చిన్న. ఆయన పని భూతం వేషం.

పిల్లల పుట్టినరోజులకు ప్రసాద్ సార్ పెట్టిన ఆట అది. అంజయ్య మందపాటి స్పాంజి సూటు, హెల్మెట్ వేసుకుని, ఆట స్థలంలో అడ్డంగా పెట్టిన ఖాళీ డ్రమ్ముల మధ్య పరుగెత్తుతాడు. పిల్లలు తాడు వెనుక నిలబడి ఆయన్ను కొడతారు. ఆయన మూలుగుతాడు, కుంటుతాడు, పడిపోతాడు, మళ్లీ లేస్తాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. అందరూ ఆ ఆట కోసమే వచ్చేవాళ్లు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని షెడ్డులోకి వచ్చి, కంప్రెసర్ ఆపమని సైగ చేసేవాడు.

"ఈ దినం మస్తుగ సచ్చిన అక్కా. పొద్దటి సంది సచ్చుడే పని."

"మంచిగ సచ్చినవా మరి?"

"ఏ, ఒక పోరడు చప్పట్లు గొట్టిండు. మల్లొకపారి సావమన్నడు."

ఒకరోజు మాత్రం నవ్వకుండా కూర్చున్నాడు.

"అక్కా, కేక్ కోసినంక తగిలే మొదటి గోలీ వేరే ఉంటది."

"వేరే అంటే ఏంది?"

"మిగిలినయి తడ్తయి. అది పొడుస్తది."

గన్నులన్నీ మళ్లీ మిషన్ ముందు పెట్టి వరుసగా కొట్టి చూశాను. అన్నీ రెండు వందల యాభై దగ్గరే.

"నంబర్ సరిగ్గనే ఉంది తమ్మీ."

"నంబర్‌కు తగుల్తలేదక్కా. నాకు తగుల్తుంది."

తర్వాతి ఆదివారం ఆయన పక్కటెముక మీద నల్లగా కమిలింది. దవాఖానాలో డాక్టరు చొక్కా ఎత్తి చూసి, ఎవరు కొట్టారని గట్టిగా అడిగాడట. "పుట్టినరోజు పిల్లలు సార్" అన్నాడట ఈయన. డాక్టరు నర్సును పిలిచి, తాగి ఉన్నాడేమో చూడమన్నాడట. ఇది చెబుతూ అంజయ్య నవ్వబోయి, పక్కటెముక పట్టుకుని ఆగిపోయాడు.

ప్రసాద్ సార్‌కు చెప్పాం. ఆయన చెడ్డవారు కారు. స్వయంగా వచ్చి నాతో గన్నులు కొట్టించి, అంకెలు చూశారు.

"సూట్ అదే, గన్నులు అవే, నంబర్లు అవే. వయసు మీద పడుతోంది అంజయ్యా, అంతే. చేయలేకపోతే మొహమాటం లేకుండా చెప్పు. ఈ నెలాఖరు దాకా చూసి ఇంకెవరినైనా పెట్టుకుంటాను. ఇందులో తప్పేమీ లేదు."

ఆయన వెళ్లాక అంజయ్య నా వైపు తిరిగాడు.

"అక్కా, నేను అబద్ధమాడ్తున్ననా?"

మిషన్ ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతున్నాడు. నేను నమ్మేది మనిషినే. కానీ నమ్ముతున్నానని చెబితే ఆయన పని నిలబడదు. చూపించాలి.

కేక్

మరుసటి ఆదివారం ఒక పెద్ద పుట్టినరోజు. పద్ధతి ఎప్పటిలాగే. నేను గన్నులు చూసి, గాలి తెరిచి, బయట షామియానా కింద బల్ల మీద వరుసగా పెడతాను. పిల్లలు కేక్ కోసి, గన్నులు పట్టుకుని ఫోటో దిగి, అక్కడి నుంచి సరాసరి తాడు దగ్గరికి పరుగెత్తుతారు. ఆలస్యం కాకూడదని గాలి ముందే తెరిచి ఉంచేవాళ్లం.

ఆ రోజు పుట్టినరోజు పిల్లవాడి తాతగారు ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ఆయన రానిదే కేక్ కోయరు. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. కేక్ మీద క్రీము కరుగుతోంది. నేను బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడి గన్నుల వైపు చూస్తున్నాను. ఒక్క గన్నుకూ పని లేదు. గాలి మాత్రం తెరిచి ఉంది.

చాయ్ బండి గుర్తొచ్చింది.

నేను గన్నులను ఎప్పుడూ వరుసగా, ఆగకుండా కొట్టే చూశాను. జారిన గాలి జారినట్టే ఖర్చయిపోయి అంకె మంచిగానే వచ్చేది. ఊరికే ఉంచి చూడలేదు. మా దగ్గర ఊరికే ఉంచే సమయం ఒక్కటే, కేక్ కోసే సమయం. అప్పుడు లోపల పోగైన గాలంతా మొదటి గోలీ వెనుక పడుతుంది. ఆ మొదటి గోలీ తగిలేది అంజయ్యకు.

తాతగారు వచ్చారు. చప్పట్లు, పాట, కేక్. అవతల డ్రమ్ముల మధ్య అంజయ్య హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. నేను షెడ్డులోకి పోయి మిషన్ తెచ్చి, పిల్లలను వెనక్కి జరిపాను.

"సార్, ఒక్క నిమిషం."

"ఇప్పుడేంటి సాయమ్మా! పిల్లలు రెడీగా ఉన్నారు."

"ఒక్కటే కొడ్త సార్. మీరు అంకె జూడుండ్రి."

బల్ల మీద గన్ను తీసి, పక్క వలలోకి కొట్టాను. అంకె మూడు వందలు దాటింది. సార్ వంగి చూశారు.

"ఇంకోటి కొట్టు."

రెండు వందల యాభై.

"వేరే గన్ను తీయి."

దానిదీ మొదటిది మూడు వందల పైనే. తర్వాతిది మామూలే. మూడో గన్ను బాగానే ఉంది, నాలుగోది మళ్లీ దాటింది. సార్ ఇక కొట్టమనలేదు.

"అంకుల్, భూతం వెయిట్ చేస్తుంది!" అని పుట్టినరోజు పిల్లవాడు ఆయన చేయి లాగాడు.

సార్ నడుచుకుంటూ డ్రమ్ముల దగ్గరికి పోయారు. అంజయ్య హెల్మెట్ పైకెత్తాడు.

"ఏమైంది సార్? నేనేం జేసిన?"

"నువ్వేం చేయలేదయ్యా. నువ్వు చెప్పింది నిజమే."

అంజయ్య నా వైపు చూసి రెండు చేతులూ పైకెత్తి, గెలిచినవాడిలా ఊపాడు. పిల్లలు ఆటలో భాగమనుకుని కేకలు వేశారు.

ఆ రెగ్యులేటర్లు విప్పితే బిళ్లల మీద సన్నటి గీతలు, దుమ్ము. అన్నిటికీ కొత్తవి వేశాను. అప్పటి నుంచి రెండు పనులు మానలేదు, మీరూ మానకండి. గన్ను ఊరికే ఉంటే గాలి మూయండి. తిరిగి ఎవరి చేతికైనా ఇచ్చే ముందు మొదటి గోలీని వలలోకి కొట్టండి.

సాయంత్రం సార్ షెడ్డుకు వచ్చారు.

"ఇక భూతం ఆట వద్దు సాయమ్మా. పక్కటెముక కాబట్టి సరిపోయింది. గొంతు మీద తగిలుంటే? పిల్లలందరూ కొట్టడానికి ఒక మనిషిని నిలబెట్టడమే తప్పు. ప్లైవుడ్ బొమ్మలు చేయిద్దాం."

"మరి అంజయ్య, సార్?"

"గేటు దగ్గర మనుషులున్నారు, టికెట్ల దగ్గర ఉన్నారు. ఎక్కడ పెట్టమంటావు చెప్పు?"

మనిషిని నిలబెట్టి కొట్టించడం తప్పని ఆయన అన్నది సరైన మాట, ఇప్పటికీ అదే అంటాను. ఎదురు కొట్టే వీలున్నవాడికి అది ఆట. వీలు లేనివాణ్ని నిలబెట్టి కొట్టించే చోటు ఏదైనా ఉంటే, అక్కడ గన్నులు చూసే పనికి మీరు పోవద్దు. ఆ ఆటను మేము అంతకు ముందే ఆపాల్సింది.

అంజయ్య సూటు మడిచి నా బల్ల మీద పెట్టాడు. కోపంగా ఏమీ లేడు.

"నేను దెబ్బ తగ్గియ్యుమన్న అక్కా. పని తీసెయ్యుమనలే."

నిజం చూపించినవాళ్లకు మంచే జరుగుతుందని ఎవరైనా చెబితే వినండి, నమ్మకండి. ఆ రోజు మళ్లీ వచ్చినా నేను మిషన్ తెచ్చి అదే బల్ల మీద పెడతాను. ఆ మాట అంజయ్య ముందు కూడా అంటాను. కానీ ఆ తర్వాత మధ్యాహ్నాలు కంప్రెసర్ ఆపమని సైగ చేసేవాళ్లు లేరు. అది నడుస్తూనే ఉండేది, నేను తింటూనే ఉండేదాన్ని.

దమ్మాయిగూడ

దమ్మాయిగూడలో కట్టుబడి నడుస్తున్న ఒక అపార్ట్‌మెంటుకు అంజయ్య వాచ్‌మన్‌గా కుదిరాడని గేటు మనిషి చెప్పాడు. నా సెలవు రోజున రెండు ఆటోలు మారి పోయాను. చుట్టూ కొత్త కాలనీలు, సగం కట్టిన ఇళ్లు, అడగడానికి మనుషులు లేని రోడ్లు. ఒక గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఆయనే కనిపించాడు. నన్ను చూసి గబగబా లేచి ఆ కుర్చీ నాకు జరిపి, తను ఇటుకల మీద కూర్చున్నాడు.

"ఎట్లున్నవ్ తమ్మీ?"

"మంచిగున్న అక్కా. ఈడ నన్ను ఎవడూ కొడ్తలేడు."

రోడ్డు వైపు చేయి చూపించాడు. అటు ఎవరూ లేరు.

"ఎవడూ మాట్లాడ్తలేడు గూడ" అన్నాడు.

"పక్కటెముక తగ్గిందా?"

"అది ఎన్నడో తగ్గింది. ఆ పోరగాండ్లే యాదికొస్తరు. నేను కింద పడంగనే ఎంత నవ్వెటోళ్లు! ఊళ్లె నా పిల్లలు గూడ గంత నవ్వలే నన్ను జూసి."

"నా మీద కోపముందా?"

"నీ మీద ఏం కోపమక్కా? నువ్వు జెప్పకుంటే నేను అబద్ధాలోన్నే అయిపోదును." చేతిలోని ఇటుక ముక్కను కిందపడేసి, "గని ఇంకొన్ని దినాలన్న ఆ పనిల ఉందును" అన్నాడు.

నీళ్ల ట్యాంకర్ వచ్చి హారన్ కొట్టింది. ఆయన గేటు తీయడానికి లేచాడు. ట్యాంకర్ లోపలికి పోయాక పైపు పట్టుకోవడానికి పిలిచారు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మల్ల రా అక్కా" అన్నాడు. వస్తానన్నాను. కుర్చీని నీడలోకి జరిపి వచ్చేశాను.

మర్నాడు పొద్దున షెడ్డు తాళం తీసి, సిలిండర్లు నింపి, గన్నులు బల్ల మీద పెట్టాను. ఆ రోజూ ఒక పుట్టినరోజే. కేక్ కోసిన వెంటనే ఒక చిన్నపిల్ల అందరికంటే ముందు కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. డ్రమ్ముల మధ్య నిలబెట్టిన ప్లైవుడ్ బొమ్మల వైపు చూసింది.

"ఆంటీ, ఇక్కడ భూతం ఉంటుందని మా ఫ్రెండ్ చెప్పింది. లేదా?"

"ఉన్నడు బిడ్డా. దమ్మాయిగూడల ఉన్నడు."

జోక్ వేశాననుకుని ఆ పిల్ల నవ్వింది. గన్ను గాలి తెరిచి, మొదటి గోలీని వలలోకి కొట్టి, రెండోది మిషన్ ముందు కొట్టి అంకె చూసి, గన్ను ఆ పిల్ల చేతిలో పెట్టాను.